కొనుక్కొచ్చిన తాత

నేను ఏడో తరగతి రెండుసార్లు చదివిన. మూడోసారి కూడ చదువుదామని సంచి భుజానికేసుకొని పోతే సారు గేటు కాడనే చేతులు జోడించిండు. "నాయినా, నువ్విట్లనే చదువుతుంటె నేను రిటైరయ్యే లోపల నా పక్క కుర్చీల కూసుంటవు. ఇంటికి పో" అన్నడు. గురువు మాట కాదనొద్దని ఇంటికొచ్చిన. ఇప్పటిదాంక మళ్ల పోలే.

గట్ల బడి విడిచినోణ్ని ఇయ్యాల నార్కట్‌పల్లి రోడ్డు మీద చీరల షోరూం పెట్టుకొని కూసున్న. రెండంతస్తులు, అద్దాల తలుపు, లోపట ఏసీ. బయట బోర్డు మీద నా ఫోటో నాకంటె పెద్దది. అందులున్న జుట్టు నాది కాదు, ఫోటో తీసినాయిన కంప్యూటర్ల పెట్టిండు. పొద్దున షట్టర్ లేపేటప్పుడు గా జుట్టుకు రోజొక దండం పెడత.

అబద్ధం జుట్టు కాడనే ఆగితె ఇది రాసే పనే ఉండకపోతుండె. షోరూంల ఇంకో అబద్ధం ఉండె. గల్లపెట్టె వెనక గోడకు వేలాడుతుండె. ఆ అబద్ధం పేరు మా తాత.

తెలంగాణ వచ్చిన రెండేండ్లకు షోరూం తెరిచిన. గోడలకు రంగులేసినాయిన "వెనక గోడ బోసిగ ఉంది, ఏదన్న పాత పటం పెట్టున్రి, దుకాణానికి బరువొస్తది" అన్నడు. హైదరాబాద్‌ల ఒక పాత సామాన్ల దుకాణంల మంచి చట్రం దొరికింది. టేకు కట్టె, చుట్టూ చెక్కిన తీగలు. చట్రం కోసమే కొన్న. లోపటి మనిషి ఉత్తగనే వచ్చిండు. నల్ల కోటు, తలపాగ, జేబుల నుంచి గడియారం గొలుసు. మీసాలైతే ఒకటి నల్లగొండ దిక్కు, ఇంకోటి మహబూబ్‌నగర్ దిక్కు చూస్తుండె.

వారం తిరగకముందే విజయవాడ పోయే కారు దిగి ఒకామె వచ్చింది. మంచి చీర చేతుల పట్టుకొని పటం దిక్కు చూసి, "మీ తాతగారా అండీ?" అన్నది. కాదందామనే నోరు తెరిచిన. ఆమె చెయ్యి చీరను వదిలేటట్టు కనపడ్డది.

"అవునండి" అన్న.

ఏం చేసేవారంటే, మగ్గాలుండేవండి అన్న. ఎన్నంటే, పది అన్న. గంతే. చిన్న అబద్ధం, సుతిమెత్తగ పుట్టింది. మరుసటేడు మగ్గాలు ఇరువై అయినయి. కరోనా ఏడు ఊళ్లల్ల అందరి మగ్గాలు ఆగిపోతె మా తాతవి నలభైకి చేరినయి. ఆయిన నేసిన చీరలు కట్టని దొరసాని లేదని కూడ చెప్పిన, అదీ షోరూం తెలుగుల. అప్పట్ల నాకు రెండు తెలుగులుండె. షోరూంల "రండమ్మా, కూర్చోండమ్మా". షట్టర్ దించినంక మాది మాకు. రాష్ట్రం వచ్చినంక బండ్ల నంబర్లు మారినయి గని, నా నాలుక మాత్రం పాత ప్లేటు తోనే తిరిగింది.

అసలు సంగతి చెప్త. మా అసలు తాతకు పటం లేదు. ఫోటోలు తీసేటాయిన ఊళ్లెకొచ్చిన నాడు తాత అంగడికి పోయిండట. ఒంటి మీద గోచి, భుజం మీద తువ్వాలల మూట. మా బాపు గూడ తువ్వాలలే నేస్తడు. తెల్ల తువ్వాల, ఎర్ర అంచు. నూలు షావుకారిది, మగ్గం కిరాయిది, నడుము నొప్పి ఒక్కటే సొంతం. ఇంట్ల ముందటి అర్రల గుంట తవ్వి మగ్గం దించుకున్నడు. కాళ్లు గుంటల, చేతులు మగ్గం మీద, అట్ల యాభై ఏండ్లు కూసున్నడు. వానకాలం వస్తె గుంటల నీళ్లు ఊరుతయి. రెండిటుకలు వేసుకొని వాటి మీద కాళ్లు పెట్టి నేస్తడు.

నేను బడి విడిచినంక బాపు ముంగట కూసున్న. నూలు కండెలు చుట్టుడు, తెగిన పోగులు అతుకుడు నా పని. నాది ఎడమ చేతి వాటం. వేళ్లకు జర బూడిద రాసుకొని రెండు కొసలు కలిపి మెలిపెడితె అతుకు ఎక్కడుందో నాకే దొరకకపోతుండె. పోగు తెగంగనే నేను "బాపూ, కొస ఇటియ్యి" అంట. బాపు అవతలి దిక్కు నుంచి కొస అందిస్తడు. రోజుకు ఎన్నిసార్లో లెక్క లేదు. మా ఇంట్ల దేవుని పేరుకంటె గా మాటే ఎక్కువ వినపడుతుండె. అది వినీ వినీ రోత పుట్టి నకిరేకల్‌ల బట్టల దుకాణంల చేరిన. నాకు నెయ్యరాదు గని నోరొస్తది. నోటితోనే ఇక్కడిదాంక వచ్చిన.

బాపును మగ్గం మానుకోమని ఎన్నిసార్లన్ననో. మానుకోలే. ప్రతి దసరాకు ఒక తువ్వాల నా చేతుల పెడతడు. ఒకసారి నా డ్రైవరు గా తువ్వాలతోని కారు తుడుస్తుంటె బాపు చూసిండు.

"మంచిగ తుడుస్తదా?" అని అడిగిండు డ్రైవర్ని.

"మస్తు తుడుస్తది పెద్దాయినా."

"ఇంకో మూడు ఉతుకులు కానీ. ఇంకా మెత్తగైతది" అని లోపటికి పోయిండు. తిట్టినా బాగుండు.

షోరూం కథల బాపుతోని ఒక తిప్పలొచ్చింది. నలభై మగ్గాల ఆసామి కొడుకు కిరాయి మగ్గం మీద తువ్వాలలు నేస్తడా? కథకు అడ్డం తగులుతున్నడు. అందుకని ఒకనాడు ఎవరో అడిగితె "నాన్నగారు పోయారండి" అన్న. నాలుక ఏం తడబడలే. ఆయినేమో అదే పొద్దున ఫోన్ చేసి, ఏం తిన్నవురా అని అడిగిండు.

ఇగ మేడం సంగతికొస్త. హైదరాబాద్‌ల రెండు పెద్ద దుకాణాలున్నామె. నా కాడ చీరలు చూసింది, నచ్చినయి. తాత మగ్గాల కథ, బాపు పోయిన కథ గూడ విన్నది. ఏడాది పొడుగూత తీసుకుంట అన్నది. కాని ఒక్క మాట. తాతగారి మగ్గాల ఇల్లు చూడాలె, ఫోన్‌ల వీడియో తీసి తన దుకాణానికొచ్చేటోళ్లకు చూపెట్టాలె.

"నలభై లేకపోయినా ఒకటో రెండో మిగిలుంటాయి కదండీ?"

"ఒకటి మిగిలిందండి. ఆదివారం రండి" అన్న.

శనివారం పటం గోడ మీంచి దించి, దుప్పట్ల చుట్టి, కారు వెనక సీట్ల కూసోబెట్టి ఊరికి తోలుకుపోయిన. చట్రానికి దెబ్బ తగులొద్దని సీటు బెల్టు గూడ పెట్టిన. సొంత తాతకు చెప్పులు కొనియ్యని వంశంల పుట్టి, కొన్న తాతకు బెల్టు పెట్టినోణ్ని నేనే.

మగ్గం ముంగటి గోడకు మేకు కొట్టి తగిలిస్తుంటె బాపు గుంటల నుంచే తల ఎత్తిండు.

"ఎవలురా గా పెద్దమనిషి?"

"మీ నాయిన."

బాపు నాడె పక్కకు పెట్టిండు. అద్దాలు తీసి తుడిసి మళ్ల పెట్టుకున్నడు. పోగుల నడుమ అటూ ఇటూ పరిగెత్తే నాడె ఆగితె మా అర్రల ఎంత నిశ్శబ్దమో అప్పుడు తెలిసింది.

"మా నాయినకు అంగీయే లేకుండె. కోటు ఎవలిచ్చిన్రు?"

"రేపటిదాంకనే బాపూ. హైదరాబాద్ మేడం వస్తది, చూస్తది, పోతది."

"మంచిగనే ఉన్నడు" అన్నడు బాపు, ఇంకా పటం దిక్కే చూసుకుంట. "గాయిన మా నాయినైతె, మరి నేనెవల్ని?"

కారుల వచ్చుకుంట ఈ మాటకు జవాబు మూడు తీర్ల తయారు చేసుకున్న. మూడూ మర్చిపోయిన. "నువ్వు మన కాడ మొదటి నుంచి పనిచేసే మనిషివి" అన్న.

"మరి నీ బాపు?"

"పోయిండు."

"ఎట్ల పోయిండు?"

"గుండెపోటు."

"నయం. మంచాన పడకుంట పోయిన" అన్నడు బాపు.

వంటింట్ల నుంచి మా అమ్మ బయటికొచ్చింది. చేతుల సగం కోసిన వంకాయ ఉన్నది. "మరి నన్నేం చేసినవురా? ఈయిన పెండ్లాన్నా, ఇల్లూడ్సేదాన్నా?"

"నీ సంగతి ఎవలూ అడగలేదే అమ్మా."

"అడగరు. ఆడోళ్ల సంగతి కోటేసుకున్నోళ్లు ఎందుకడుగుతరు" అని వంకాయ నా దిక్కు చూపెట్టింది. "ఇగో, విను. గా ఆడామె ముంగట నీ నోటితోని, ఈయిన మా బాపు కాదని ఒక్కసారి అను. అన్ననాటి సంది ఈ గడప తొక్కకు. పండుగొస్తె గా పటంల తాత ఇంటికి పో. అన్నం ఆయిననే పెట్టమను."

మా అమ్మ ఉత్తగ బెదిరించేది కాదు. తన తమ్మునితోని ఒక మాట మీద పదకొండేండ్లు మాట్లాడలే. అది గూడ బూరెల కాడ వచ్చిన లొల్లి.

"ఒక్క పూట సంగతేనే" అన్నడు బాపు. "పిలగాని యాపారం. కూలోనిగ ఉండుడు నాకు కొత్తనా? ఇన్నేండ్లు చేసింది అదే గద." అని నాడె అందుకున్నడు. తర్వాత ఇంకోసారి తల ఎత్తి, "గీ పటం ఎక్కడ దొరికింది?" అన్నడు.

చెప్పిన.

"ఎవలో కొడుకు అమ్ముకున్నడన్నట్టు" అన్నడు. నన్ను అన్నడా, గా కొడుకును అన్నడా తెల్వదు. నాడె సప్పుడు మళ్ల మొదలైంది.

ఆదివారం వాన. మేడం గొడుగేసుకొని, చీర కుచ్చిళ్లు జర ఎత్తి పట్టుకొని దిగింది. మంచి మనిషే. గోడను చూసి మురిసింది, మట్టి వాసనకు మురిసింది, పటానికి నమస్కారం పెట్టింది. ఫోన్ తీసి బాపు దిక్కు తిప్పింది. బాపు చిల్లుల బనీను మీద ఎర్ర అంచు తువ్వాల వేసుకొని గుంటల కూసున్నడు. నీళ్లల్ల ఇటుకల మీద కాళ్లు. అమ్మ వంటింట్ల ఉన్నది. వస్తలేదు. గరిటె సప్పుడొక్కటే వస్తుంది, అది గూడ నన్ను కొడుతున్నట్టే.

"ఎన్నేళ్లుగా చేస్తున్నారు పెద్దాయనా వీళ్ల దగ్గర?" అన్నది మేడం.

"ఈయిన పుట్టకముందు సందే, అమ్మా" అన్నడు బాపు.

"మంచివాళ్లేనా?"

బాపు నా దిక్కు చూసిండు. నేను పటం దిక్కు చూసిన. "కోపం లేదు. మాటలెక్కువ" అన్నడు.

మేడం నవ్వింది. ఒక్కసారి తను గూడ నాడె వెయ్యొచ్చా అని అడిగింది. బాపు గుంటల నుంచి ఎక్కి వచ్చిండు. ఆమె గుంట ఒడ్డు మీద కూసొని ఫోన్ నాకిచ్చింది, తియ్యమని. మొదటిసారి నాడె సగం దూరం పోయి ఆగింది. రెండోసారి పోగుల నడుమ ఇరుక్కున్నది. ఆమె భయపడి గుంజింది.

టప టప టప. పది పన్నెండు పోగులు తెగినయి.

మగ్గం మీద బతికినోళ్లకు గా సప్పుడు ఎట్లుంటదో చెప్పలేను. ఇంట్ల పసిపిల్ల పడ్డట్టుంటది. "అయ్యో, సారీ, సారీ" అనుకుంట మేడం లేచి నా చేతుల ఫోన్ తీసుకున్నది. బాపు వంగి చూసిండు. కంటి ఆపరేషన్ అయినంక దూరంది కనపడుతది గని, సన్న పోగు కనపడదు. ఈ నడుమ అతుకులన్ని అమ్మనే వేస్తుంది. ఆమేమో పంతం మీద వంటింట్ల ఉన్నది. బాపు వేళ్లు ఖాళీ జాగల దేవులాడుతున్నయి. ఒక కొస దొరికింది, ఇంకోటి జారింది. మళ్ల దేవులాడిండు.

తర్వాత జరిగింది నేను చేసింది కాదు. నా చేతులు చేసినయి. ఇస్త్రీ అంగీ తోని, తెల్ల ప్యాంటు తోని కింద కూలబడ్డ. మగ్గం కాలు కాడ కొబ్బరి చిప్పల బూడిద ఎప్పటి జాగల్నే ఉన్నది. ఎడమ చేతి వేళ్లు అందుల ముంచిన. ఒక పోగు దొరికింది, పట్టుకున్న.

"బాపూ, కొస ఇటియ్యి."

బాపు ఇచ్చిండు. ఎన్నేండ్లయినా ఆయిన చెయ్యి అదే జాగకొచ్చింది. మెలిపెట్టిన. రెండో పోగు పట్టినంక గని నేనేమన్ననో నాకు తెలువలే.

వంటింట్ల గరిటె ఆగింది.

మేడం ఫోన్ దించింది. "బాపూ అంటే నాన్న కదండీ?"

నేను తల ఎత్తకముందే బాపు అందుకున్నడు. పోగుల దిక్కే చూసుకుంట, నిమ్మలంగ అన్నడు: "మా దిక్కు ముసలోళ్లనందర్ని గట్లనే పిలుస్తరమ్మా."

నాకు తలుపు తీసి పెట్టిండు. పొమ్మన్నట్టు. అవునండి అంటె సరిపోతుండె. షోరూంల మొదటి రోజు అన్నది గూడ గా ఒక్క మాటనే. కాని రెండు చేతుల్ల రెండు కొసలున్నయి. విడిస్తె మళ్ల దొరకయి. లేచి పారిపోయేతందుకు గూడ లేదు. బాపు వేళ్లకు నా వేళ్ల బూడిద అంటింది.

"కాదు మేడం" అన్న. షోరూం తెలుగు రాలే, ఇంటిదే వచ్చింది. "ఈయిన మా బాపే. పోయిండని మీకు చెప్పిన గద, గా బాపు ఈయిననే."

మేడం బాపును చూసింది, నన్ను చూసింది. పటం దిక్కు వేలు చూపెట్టింది. "మరి ఆయన?"

"ఆయినెవలో నాకు తెల్వదు. పాత సామాన్ల దుకాణంల చట్రం కొంటె లోపటున్నడు."

"నలభై మగ్గాలు?"

"మీరు కూసున్నది ఒక్కటే. అది గూడ కిరాయిది."

ఆమె ఫోన్ ఆపి సంచిల వేసుకున్నది. వాన సప్పుడు. "చీరలైనా నిజమేనా?" అన్నది ఆఖరికి.

"చీరలు చేతి మగ్గానివే మేడం. తాతొక్కడే పవర్‌లూమ్."

మేడం నవ్వలే. బాపు నవ్విండు. భుజాలు ఊగేదాంక నవ్వి, దగ్గు తెచ్చుకొని, తువ్వాల కొసతోని కండ్లు తుడుసుకున్నడు. తుడుసుకునుడు జర ఎక్కువసేపే అయింది. నేను పోగుల మీదనే ఉన్న.

అమ్మ చాయ్ తెచ్చింది. మేడంకిచ్చింది, బాపుకిచ్చింది, తను తాగింది. నాకియ్యలే. పన్నెండు పోగులు అతికి లేచినంక తెచ్చింది. అప్పటికి చల్లారిపోయింది. అట్లనే తాగిన. చాయ్‌ల బూడిద రుచి.

చీరల ఆర్డరు రాలే. మేడం మర్యాదగ పోయింది, మర్యాదగ ఫోన్ ఎత్తుడు బందు పెట్టింది. నెల తర్వాత ఒక మెసేజ్ వచ్చింది, ఆ రోజు మీ నాన్నగారి భుజం మీదున్న ఎర్ర అంచు తువ్వాలు దొరుకుతాయా అని. బాపుకు చదివి వినిపిస్తె, "కారు తుడిసేతందుకా?" అన్నడు.

పటం వాపసు తీసుకుపోయి గా పాత సామాన్ల దుకాణంల ఇద్దామనుకున్న. బాపు ఇయ్యనియ్యలే. "ఒక కొడుకు అమ్ముకున్నడు. నువ్వు రెండోసారి అమ్ముతవా? ఉండనీ. ఎవల నాయినైతేంది" అన్నడు. ఇప్పుడాయిన మా ఇంట్లనే, మగ్గం ముంగటి గోడ మీద ఉన్నడు. అమావాస్యకు మా అమ్మ పువ్వు పెడుతది. ఊళ్లె ఎవలన్న అడిగితె "మావోడు కొనుక్కొచ్చిన తాత" అని చెప్తది. చట్రం మాత్రం మస్తుంటదని అందరు మెచ్చుకుంటరు.

షోరూం గోడకు బాపు ఫోటో పెట్టిన. గుంటల కూసొని, చిల్లుల బనీను, చేతుల నాడె. కింద గాజు పెట్టెల ఎర్ర అంచు తువ్వాలలు. బాపు ఒక్కడే నేసేటియి సరిపోక ఊళ్లె ఇంకో నలుగురు నేస్తున్నరు. నాలుకకు గూడ కొత్త ప్లేటు వచ్చింది. కారు దిగినోళ్లను "రాండ్రి, కూసోండ్రి" అంటున్న, ఎవలూ పారిపోతలేరు. ఆంధ్ర దిక్కు పోయేటోళ్లు ఇంకోసారి మాట్లాడమని గూడ అడుగుతున్నరు.

ఒక్కటే బాధ. నోరు నాదే గద. బాపు కథ చెప్పబట్టిన కొత్తల గుంటల నీళ్లు పాదాలు తడిసేటన్ని అని చెప్తుంటి. ఎండకాలం వచ్చేసరికి మోకాళ్ల దాంక వచ్చినయి.

మొన్న మా అమ్మ మొదటిసారి షోరూంకొచ్చింది. ఏసీకి కొంగు కప్పుకొని మూలకు కూసున్నది. అప్పుడే ఒక కుటుంబం దిగింది. నేను బాపు ఫోటో ముంగట నిలబడి మొత్తం చెప్పిన. గుంట, వాన, బూడిద, బాపూ కొస ఇటియ్యి. ఆ ఇంటి పెద్దామె కండ్లు తుడుసుకున్నది. తువ్వాలలు కట్టించుకొని పోయిన్రు.

అద్దాల తలుపు మూసుకున్నంక అమ్మ కాడికొచ్చిన. జర గర్వంగనే ఉన్న, అబద్ధమెందుకు. "ఎట్లుందే? ఇప్పుడు దాసుకునేదేం లేదు. మా బాపు కూలోడని బజార్ల నిలబడి చెప్తున్న. ఇప్పుడు మంచిగుందా?"

అమ్మ ఫోటో దిక్కు చూసింది, గాజు పెట్టె దిక్కు చూసింది, నా దిక్కు చూసింది.

"అప్పుడు లేని తాతను అమ్మినవు, ఇప్పుడు ఉన్న బాపును అమ్ముతున్నవు. అమ్మేదేదో జర చిల్లులేని బనీను తొడిగి అమ్మరాదురా" అన్నది.